అప్పనడగండి: కంప్యూటర్లో కాగితం ప్లాస్టిక్‌లా ఎందుకు కనిపిస్తాది?

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిదీ దాదాపు ఒకటే గోల. మొన్నామధ్య ఇంట్లో ఉన్న ఫొటోలతో కంప్యూటర్లోనే స్క్రాప్‌బుక్ (ఫొటోలు, రంగు కాగితాలు, పువ్వులు అతికించుకునే పుస్తకం) పేజీలు చేసుకోండమ్మా అని రాసేను కదా, పాపం చాలామంది చేసేరు, చేసి "అప్పా, అన్నీ పెట్టేం గానీ కాగితం కాగితంలా లేదు, ఫ్లెక్సీ బేనర్లా ఉంది" అని రాసేరు. విజయనగరంలో ఆల్బమ్ డిజైనింగ్ చేసుకుని బతికినదాన్ని కాబట్టి ఈ బాధ నాకు బాగా తెలుసు. ఇంచుమించు ఒకేలా ఉన్న ఉత్తరాలు కలిపేసి జవాబులు ఇస్తున్నాను, మీ ఉత్తరం కనపడలేదని అలగొద్దు.

ప్రశ్న (అరసవల్లి నుంచి ఒక చెల్లెలు): అప్పా, మా పాప బారసాల ఫొటోలతో 12 బై 12 పేజీ ఒకటి చేసేను. ఫొటోకి, కింద రంగు కాగితానికి, మూల పెట్టిన పువ్వుకి అన్నిటికీ డ్రాప్ షాడో, అంటే కింద పడే నీడ, ఇచ్చేను. అయినా గాల్లో తేలుతున్నట్టున్నాయి. మా ఆయన చూసి "ఏటిది, ఫ్రిజ్ మీద స్టిక్కర్లా ఉంది" అనీసి వెళ్ళిపోయేరు. తప్పెక్కడుంది?

జవాబు: చెల్లీ, మీ ఆయన మాట కొంచెం కటువుగా ఉన్నా చూపు మాత్రం కరెక్టే. అన్నిటికీ ఒకే షాడో ఇచ్చేవు, అదీ సంగతి. పువ్వుకీ కాగితానికీ ఒకే ఎత్తు ఉంటాదా?

ఒక చిన్న లెక్క చెప్తాను, ఇది అర్థమైతే మిగతావన్నీ నీకే తెలిసిపోతాయి. 12 అంగుళాల పేజీ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తీసుకుంటే 3600 పిక్సెళ్ళు, అంటే ఒక మిల్లీమీటరుకి దగ్గర దగ్గర 12 పిక్సెళ్ళు. మామూలు జిరాక్స్ కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు. అంటే నీ పేజీ మీద ఆ కాగితం ఎత్తు ఒక్క పిక్సెల్ అన్నమాట! ఫొటో ప్రింటు కాగితం పావు మిల్లీమీటరు వేసుకున్నా మూడు పిక్సెళ్ళు. మరి నువ్వు షాడోలో డిస్టెన్స్ (నీడ ఎంత దూరం జరగాలో) 30 పెట్టేసేవనుకో, రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న అట్టముక్క మీద ఫొటో అంటించినట్టు అవుతాది, అందుకే తేలుతున్నట్టు కనిపిస్తాది. అతికించిన కాగితానికి డిస్టెన్స్ మూడు నుంచి ఐదు, సైజు (నీడ అంచు ఎంత మెత్తగా పరుచుకోవాలో) ఆరో ఏడో పెట్టు. ఫొటోకి ఏడూ పదీ చాలు. పువ్వుకీ బొత్తానికీ మాత్రం ఇరవై దాటొచ్చు, అవి నిజంగానే ఎత్తుగా ఉంటాయి కాబట్టి. ఒపాసిటీ (నీడ ఎంత చిక్కగా ఉండాలో చెప్పే శాతం) కూడా మొదట వచ్చినది వచ్చినట్టు ఉంచీకు, నలభై దగ్గర పెట్టు.

రెండోది వెలుగు. మీ ఊరి దేవుడే సూర్యుడు, ఏడాదికి రెండుసార్లు మార్చిలో, అక్టోబర్లో కిరణం ఏ దిక్కు నుంచి వచ్చి ఆయన పాదాల మీద పడతాదో చూడ్డానికి జనం తెల్లారకుండానే వచ్చి నిలబడే ఊరు, నీకు నేను వెలుగు పాఠం చెప్పాలా! పేజీలో సూర్యుడు ఒక్కడే ఉండాలి. ఫొటోషాప్‌లో అయితే ఒక్కో బొమ్మా ఒక్కో పొర మీద ఉంటాది, ఆ పొరనే లేయర్ అంటారు, దాని లేయర్ స్టైల్లో గ్లోబల్ లైట్ అని ఉంటాది, టిక్ పెట్టేసి యాంగిల్ 120 ఇచ్చీ, వెలుగు పైన ఎడమ పక్క నుంచి వస్తాది, అన్ని లేయర్లకీ ఒకటే. అక్కడ మోసం ఎక్కడంటే, నెట్ నుంచి దించుకున్న పువ్వులకీ రిబ్బన్లకీ కొన్నిటికి నీడ ముందే బొమ్మలో కలిసిపోయి ఉంటాది. దాన్ని నువ్వు తిప్పేవంటే నీడ కూడా తిరిగిపోతాది, ఫొటో నీడ కుడి పక్కకి, పువ్వు నీడ ఎడమ పక్కకి పడతాది. నేను చేసిన మొదటి పెళ్ళి ఆల్బమ్‌లో ఇదే జరిగింది. నీడలు నాలుగు దిక్కులకీ ఉన్నాయి, నేను చూసుకోలేదు, ఇంకెవరూ చూడలేదు, పెళ్ళికూతురి మామ్మగారు మాత్రం కళ్ళజోడు సద్దుకుని చూసి "ఇంట్లో అన్ని మూలలా దీపాలెట్టేసేరేటమ్మా" అన్నారు. ఆవిడకి ఫొటోషాప్ అంటే ఏటో తెలీదు.

మూడోది, దీనికే అసలు ఓపిక కావాలి. కాగితం ఎక్కడైనా అంతా ఒకే ఎత్తులో అతుక్కుంటాదా, మూలలు లేస్తాయి. మధ్యలో జిగురుండే చోట నీడ దాదాపు ఉండదు, మూల దగ్గర వెడల్పుగా మెత్తగా ఉంటాది. లేయర్ పక్కనున్న ఎఫ్‌ఎక్స్ గుర్తు మీద రైట్ క్లిక్ కొట్టి క్రియేట్ లేయర్ అంటే నీడ వేరే లేయర్‌గా విడిపోతాది. ఆ నీడ లేయర్ పట్టుకుని కంట్రోల్ టీ, రైట్ క్లిక్, వార్ప్. కింది రెండు మూలలూ కొంచెం బయటికి లాగు, మధ్య గీతని లోపలికి నెట్టు, అంతే. ఫొటో ఒక్క పిక్సెల్ కదల్లేదు గానీ మూలలు లేచినట్టు అయిపోతాది, మొదటిసారి చూసినప్పుడు నేను చప్పట్లు కొట్టేను. అయితే నీడని ఇలా విడదీసిన తర్వాత ఫొటో జరిపితే నీడ అక్కడే ఉండిపోతాది, రెండూ లింక్ చేసుకో. ఇంకొకటి, నీడ నల్లగా ఉండకూడదు. పసుపు కాగితం మీద నీడ ముదురు గోధుమ రంగులో, నీలం మీద ముదురు నీలంలో ఉంటాది. కింద కాగితంలోంచే రంగు తీసుకుని బాగా ముదురు చేసి, కింది రంగుతో కలిసిపోయి ముదురయ్యే మల్టిప్లై మోడ్‌లో వాడు.

ప్రశ్న (శ్రీకాకుళం, డిగ్రీ చదువుతున్న తమ్ముడు): అప్పా, ఫొటోషాప్‌కి నెలనెలా డబ్బు కట్టలేను, క్రాక్‌ది వేస్తే వైరస్ వచ్చి సిస్టం పోయింది. ఇవన్నీ ఫ్రీగా అవుతాయా?

జవాబు: అవుతాయి తమ్ముడూ, క్రాక్ జోలికి మళ్ళీ పోకు. జింప్ ఉంది, పూర్తిగా ఉచితం. లేదంటే ఫోటోపియా అని బ్రౌజర్లోనే తెరుచుకుంటాది, ఇన్‌స్టాల్ గొడవ లేదు, పీఎస్‌డీ ఫైళ్ళు (ఫొటోషాప్ సొంత ఫైళ్ళు) కూడా తెరుస్తాది, మెనూలు ఫొటోషాప్‌లాగే ఉంటాయి కాబట్టి పైన చెల్లెలికి చెప్పింది నీకూ పనికొస్తాది.

జింప్‌లో అయితే రెడీమేడ్ షాడో కన్నా చేత్తో చేసుకునేదే నాకిష్టం, ఏ సాఫ్ట్‌వేర్లో అయినా పనిచేస్తాది. ఫొటో లేయర్‌ని డూప్లికేట్ చెయ్యి, కిందున్న దానికి ఆల్ఫా లాక్ (బొమ్మ బయటి ఖాళీలోకి రంగు పోకుండా ఆపేది) పెట్టి ముదురు రంగు నింపీ, తర్వాత లాక్ తీసెయ్యి (ఇది మరిచిపోతే ఎంత బ్లర్ చేసినా అంచు కదలదు, గంటసేపు తల పట్టుకుంటావు), లేయర్‌ని ఇమేజ్ సైజుకి పెంచు, గౌసియన్ బ్లర్ ఐదారు పిక్సెళ్ళు, కొంచెం కుడికీ కొంచెం కిందికీ జరుపు, ఒపాసిటీ దించు. మూలలు లాగడానికి వార్ప్ టూల్ ఉంది. అంతే.

ప్రశ్న (పలాస నుంచి): చింపిన కాగితం అంచు కావాలి. లాసోతో (చేత్తో గీత గీసి కోసే టూల్) వంకరటింకరగా కోసేను గానీ చింపినట్టు లేదు, కత్తెరతో చేతకాక కోసినట్టుంది.

జవాబు: ఎంత బాగా చెప్పేరండీ, "చేతకాక కోసినట్టు"! ఒక పని చెయ్యండి. ఇంట్లో పాత పెళ్ళి శుభలేఖో, రంగు కవరున్న పత్రికో ఉంటాది కదా, దాన్ని అడ్డంగా ఒకసారి చింపండి. చూసేరా, చిరిగిన చోట తెల్లటి పీచు చార ఒకటి బయటపడింది. ఎందుకంటే రంగు పైపొర మీదే ఉంటాది, కడుపులో కాగితం తెల్లగానే ఉంటాది. మీ కంప్యూటర్ కాగితానికి ఆ తెల్లచార లేదు, అందుకే కత్తెరతో కోసినట్టు ఉంది. అదే ఖాకీ రంగు కవరు చింపితే తెల్లచార రాదు, రంగు లోపలిదాకా ఉంటాది కాబట్టి. అందరూ ఈ తేడా చూడకుండా ఖాకీ కాగితానికి కూడా తెల్ల అంచు పెట్టేస్తారు, చూస్తే నాకు పళ్ళు జివ్వుమంటాయి.

ఇప్పుడు చేసే పద్ధతి. రంగు కాగితం లేయర్‌కి మాస్క్ (ఏ భాగం కనపడాలో, ఏది దాగాలో చెప్పే తెర) పెట్టండి. లాసోతో అంచు గీయండి, చెయ్యి వణకనివ్వండి, గీతని సాపు చేసే స్టెబిలైజరు గట్రా వద్దు, మా ఇంట్లో అయితే కాఫీ తాగకముందు నాకు ఈ పని బాగా వస్తాది. కోసిన తర్వాత మాస్క్ మీదే ఫిల్టర్ గాలరీలో స్పాటర్ కొంచెం వెయ్యండి, అంచు చిన్న చిన్న పళ్ళు పళ్ళుగా అవుతాది. జింప్ వాళ్ళకి సెలెక్ట్ మెనూలో డిస్టార్ట్ అని ఉంది, అదే పని. తర్వాత ఆ లేయర్‌ని డూప్లికేట్ చేసి కిందికి పంపి పాలమీగడ రంగు నింపండి, తెల్ల సున్నంలాంటి తెలుపు వద్దు. దాని అంచు పైదానికన్నా బయటికి రావాలి, అయితే అంతా సమానంగా కాదు, ఒకచోట ఐదు పిక్సెళ్ళు, ఒకచోట నలభై, ఒకచోట అసలు కనపడకూడదు. సమానంగా వస్తే చీర అంచులా ఉంటాది. ఆ తెల్లదాని మీద యాడ్ నాయిస్, మోనోక్రోమాటిక్ టిక్ పెట్టి మూడు నాలుగు శాతం. బెవెల్ (అంచు ఉబ్బెత్తుగా చూపించేది) ఇవ్వాలనిపిస్తే సైజు ఒకటి, మించితే రెండు, అంతకు మించితే ప్లాస్టిక్ అయిపోతాది.

ఇంకో చిన్న సంగతి. పకోడీ పొట్లానికి న్యూస్‌పేపర్ చింపేవాళ్ళని చూడండి, పైనుంచి కిందికి చింపితే గీత గీసినట్టు సాఫీగా వస్తాది, అడ్డంగా చింపితే ఎటు పడితే అటు పోతాది. కాగితంలో పీచు ఒక దిక్కుగా పడుకుని ఉంటాది, అదీ కారణం. అందుకని మీ కాగితానికి నాలుగు వైపులా ఒకేలాంటి చిరుగు పెట్టకండి, రెండు వైపులు కొంచెం సాఫీగా, రెండు వైపులు గజిబిజిగా. నాలుగు వైపులా చింపాలని కూడా లేదసలు, ఒక్క వైపు చాలు.

ప్రశ్న (విజయనగరం, రిటైరైన మాస్టారు): అమ్మా, మా నాన్నగారి పాత ఫొటోలు, ఆయన రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు ఉన్నాయి. మనవలకి ఒక పుస్తకంలా చేసి ఇద్దామని. వెనక కాగితం పాతదానిలా కనిపించాలి. గోధుమ రంగు వేస్తే టీ ఒలికిపోయినట్టు ఉంది.

జవాబు: మాస్టారూ నమస్కారం. మీ ఉత్తరం చదివి రెండు రోజులు మీ గురించే అనుకున్నాను, ఇలాంటి పనికి నేను జవాబు ఎంత పెద్దదైనా రాస్తాను.

కాగితం ఎందుకు పసుపెక్కుతాదంటే, కట్టెలో లిగ్నిన్ అని ఒక పదార్థం ఉంటాది, గాలీ వెలుగూ తగిలి అది రంగు మారుతాది. న్యూస్‌పేపర్‌లో లిగ్నిన్ తీయకుండా ఉంచేస్తారు, అందుకే ఎండలో పడేస్తే నాలుగు రోజులకే పసుపైపోతాది, మంచి కాగితం ఏళ్ళు పడతాది. ఇప్పుడు మీ బీరువాలో పాత పుస్తకం ఒకటి తీసి తెరవండి. అంచులు గోధుమగా, మధ్య ఇంకా తెలుపుగానే ఉంటాది, గాలి అంచుల నుంచే కదా లోపలికెళ్ళేది. మీరు పేజీ అంతా ఒకే గోధుమ వేసేరు, అందుకు టీ అయ్యింది.

ముందు లేత మీగడ రంగు కాగితం పెట్టుకోండి. దాని మీద గోధుమ రంగు లేయర్, మల్టిప్లై, దానికి మాస్క్, మధ్యలో నల్లటి మెత్తటి బ్రష్‌తో తుడిచేస్తే అంచుల్లో మాత్రమే మిగులుతాది. తుడవడం ఒకేలా వద్దు, కింది మూల ఎక్కువ మురికిగా ఉండొచ్చు, పేజీ తిప్పే వేలు తగిలేది అక్కడే. దాని పైన క్లౌడ్స్ ఫిల్టర్ తెలుపు నలుపుల్లో ఒకటి రెండర్ చేసి సాఫ్ట్ లైట్‌లో పది పదిహేను శాతం పెడితే మచ్చలు మచ్చలుగా, చెమ్మ పట్టినట్టు అవుతాది. మన వైపు తడిగాలికి బీరువాలో ఉన్న కాగితానికి చిన్న చిన్న గోధుమ చుక్కలు వస్తాయి చూడండి, అవి కావాలంటే చిన్న బ్రష్‌తో ఓ పది చుక్కలు, గుంపుగా ఒకే చోట. పేజీ అంతా చల్లితే తట్టు పోసినట్టుంటాది.

మాస్టారూ, ఒకటి మాత్రం బతిమాలుతున్నాను, ఫొటోల మీద ఏ రంగూ వెయ్యకండి. పాత నలుపు తెలుపు ఫొటో ఇప్పటికే తన వయసు తను చూపిస్తాది, దాని మీద మళ్ళీ సెపియా వేస్తే ముసలాయనకి విగ్గు పెట్టినట్టే. స్కాన్ చేసింది 600 డీపీఐలో ఒక కాపీ ఏమీ ముట్టుకోకుండా దాచండి. ఫొటో చుట్టూ ఉన్న తెల్ల అంచు, కొన్నిటికి పళ్ళు పళ్ళుగా కోసి ఉంటాది, దాన్ని క్రాప్ చెయ్యకండి, అదే అందం. నల్ల అట్టల ఆల్బమ్, మూలల్లో త్రికోణం కాగితం మూలలు, మధ్యలో బటర్ పేపరు, అవి మీకు గుర్తుండే ఉంటాయి. వెనక గోధుమ కాగితం బదులు ఆ నల్ల అట్ట పెట్టి చూడండి, మీ నాన్నగారి కాలానికి అదే దగ్గర. నల్ల అట్ట మీద నీడ కనపడదు కాబట్టి నీడ గొడవే ఉండదు, ఫొటో అంచుకి ఒక్క పిక్సెల్ లేత గీత ఇస్తే చాలు.

ఉత్తరాల సంగతి. ఇన్‌లాండ్ మడతలు అలాగే ఉండనివ్వండి. స్కాన్‌లో మడత కనపడటం లేదనిపిస్తే, మడత గీత మీద ఒక పక్క డాడ్జ్ (తేలిక చేసే టూల్), ఒక పక్క బర్న్ (ముదురు చేసే టూల్), చాలా సన్నగా. మడత పెట్టి తీసీ పెట్టి తీసీ ఆ గీత దగ్గర సిరా అరిగిపోయి ఉంటాది, మీ నాన్నగారి అక్షరం ఒకటి సగం అక్కడే పోయి ఉంటాది, దాన్ని బాగు చెయ్యకండి.

ప్రశ్న (ఎచ్చెర్ల, ఇంజనీరింగ్ కుర్రాడు): నలిపిన కాగితం ఎఫెక్ట్‌కి ఫిల్టర్ ఏది?

జవాబు: ఫిల్టర్ లేదు, నీ చెయ్యే ఫిల్టర్. కాగితం నలిపి, మళ్ళీ సాపు చేసి, పొద్దున్నే కిటికీ పక్కన నేల మీద పెట్టు, వెలుగు పక్కనుంచి రావాలి, ఫ్లాష్ ఆపీ, ఫోన్‌తో సూటిగా పైనుంచి ఫొటో తియ్యి. కంప్యూటర్లో కంట్రోల్ షిఫ్ట్ యూ కొడితే రంగు పోతాది. లెవెల్స్‌తో సాపుగా ఉన్న చోటు సరిగ్గా మధ్యస్తం బూడిద రంగుకి వచ్చేలా చూడు, పేజీ మీద పెట్టి ఓవర్‌లే మోడ్ ఇస్తే ఆ బూడిద మాయమైపోయి మడతలొక్కటే మిగులుతాయి. ఫొటో తీసినప్పుడు కిటికీ ఏ పక్కనుందో పేజీలో వెలుగు కూడా ఆ పక్కనే ఉండాలి, లేకపోతే బొమ్మని తిప్పుకో.

నలిగిన కాగితం మీద ఫొటో ప్రింటయినట్టు కావాలంటే ఇంకో మెట్టుంది. అదే నలుపు తెలుపు బొమ్మని రెండు పిక్సెళ్ళు బ్లర్ చేసి వేరే పీఎస్‌డీగా సేవ్ చెయ్యి. తర్వాత నీ ఫొటో లేయర్ మీద ఫిల్టర్, డిస్టార్ట్, డిస్‌ప్లేస్, స్కేల్ ఐదు నుంచి పది, ఆ పీఎస్‌డీ చూపించు. తెల్లగా ఉన్న చోట ఒక పక్కకి, నల్లగా ఉన్న చోట ఇంకో పక్కకి ఫొటో జరుగుతాది, మధ్యస్తం బూడిద దగ్గర కదలదు. దాంతో ఫొటోలో గోడ గీత మడత దగ్గర చిన్నగా విరుగుతాది, అదే కన్నుని నమ్మిస్తాది. మనుషుల ముఖం మీద మడత రాకుండా చూసుకో నాన్నా, మీ అమ్మ ఫొటో అయితే మరీను.

ప్రశ్న (బొబ్బిలి, చీపురుపల్లి, నరసన్నపేట, ముగ్గురిదీ ఒకటే): తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోతున్నాయి. పైగా అక్షరాలు కాగితం మీద రాసినట్టు లేవు.

జవాబు: ఒత్తుల సంగతి ముందు. కొంచెం పాత ఫొటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికెళ్ళి వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టాలి, ఇంకా పాత వెర్షన్లలో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటాది. తర్వాత యూనికోడ్ ఫాంటే వాడాలి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా బోలెడున్నాయి, వాటిలో గురజాడ అనీ గిడుగు అనీ కూడా ఉన్నాయి, ఒకరు మన విజయనగరం, ఒకరు మన శ్రీకాకుళం, వాడుక భాష కోసం పోట్లాడిన ఇద్దరూ మీ పేజీ మీదకి వస్తారు, ఇంతకన్నా ఏం కావాలి.

రంగు నలుపు పెట్టకండి. ముదురు గోధుమో, సిరా నీలమో పెట్టి మల్టిప్లై, ఒపాసిటీ ఎనభై ఐదు. అప్పుడు కాగితం గరుకు అక్షరంలోంచి కనిపిస్తాది. నన్నడిగితే ఫాంటే వద్దు. తెల్లకాగితం మీద పెన్నుతో మీరే రాసి, లేదా మీ అమ్మగారి చేత రాయించి, స్కాన్ చేసి పేజీ మీద మల్టిప్లైలో పెట్టండి, తెలుపంతా పోయి రాత ఒక్కటే మిగులుతాది. "మా చేతిరాత బాలేదు" అనకండి, ఆ బాలేకపోవడం కోసమే కదా ఈ గొడవంతా.

ప్రశ్న (పొందూరు నుంచి): నెట్‌లో ఫ్రీ అని ఉన్న పేపర్ టెక్స్‌చర్లు వాడుకుని పేజీలు చేసి అమ్ముకోవచ్చా అప్పా?

జవాబు: ఫ్రీ అన్నవాటిలో చాలా వాటికి సొంత వాడకానికే అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటాది, అది చదవకుండా అమ్మొద్దు. అయినా పొందూరులో కూర్చుని నెట్‌లో టెక్స్‌చర్ వెతుకుతావేటే! వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసే ఖాదీ మీ వీధిలోనే ఉంది. ఒక జానెడు ముక్క స్కానర్ మీద పెట్టి 600 డీపీఐలో తియ్యి. చేత్తో వడికిన దారం కదా, ఒకచోట లావు ఒకచోట సన్నం, మిల్లు గుడ్డలో ఆ హెచ్చుతగ్గులు రావు. రంగు తీసేసి మల్టిప్లైలో ముప్పై శాతం పెడితే చేత్తో చేసిన మందపాటి కాగితంలా ఉంటాది. ఒకే ముక్కని పక్కపక్కన అతికించి పేజీ నింపీకు, అదే ముడి ఆరుసార్లు కనిపించి గుట్టు బయటపడతాది. ఐదారు ముక్కలు వేరువేరుగా స్కాన్ చేసుకో. అవి నీవి, అమ్ముకో.

ప్రశ్న (రాజాం): స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది, ప్రింట్ నల్లగా వచ్చీసింది.

జవాబు: మానిటర్ బ్రైట్‌నెస్ ఫుల్లుగా పెట్టుకుని పని చేసి ఉంటారు. సగానికి దించి మళ్ళీ చూడండి. ఫైలు ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో ఇవ్వండి, అంచు చుట్టూ పావు అంగుళం వదలండి, కటింగ్‌లో పోతాది. 12 బై 36 షీట్ అయితే సరిగ్గా మధ్య మడతలో ఎవరి ముఖమూ పెట్టకండి. అన్నిటికన్నా ముందు, పేజీ మొత్తం వేయించకుండా అందులో ఒక మూల ముక్క కోసి 4 బై 6 సైజులో ఒక్క ప్రింటు తీయించి చూసుకోండి. నీడలు స్క్రీన్ మీదకన్నా ప్రింట్‌లో ముదురుగా కనిపిస్తాయి, ఒపాసిటీ ఇంకో ఐదారు తగ్గించాలో వద్దో ఆ ముక్కే చెప్తాది.

రిబ్బన్లు, టేపు ముక్కలు, గుండుసూదుల గురించి అడిగినవాళ్ళకి జవాబులు వచ్చే నెల.